మరిచిపోవడం రాని పెట్టె

ఇది ఒక మహాగాథ. ఇందులో మనిషికీ యంత్రానికీ మధ్య జరిగిన సంగ్రామం ఉంది. గురుశిష్య బంధం ఉంది. ఆకాశమంతా కమ్ముకున్న మబ్బులున్నాయి, వాటి కింద ఊపిరందక కొట్టుకుంటున్న అసంఖ్యాకమైన ప్రాణులున్నాయి. అలా మొదలుపెడదామనే కాగితాలు ముందేసుకున్నాను. తీరా చూస్తే ఆ ప్రాణులు రొయ్యలు. సంగ్రామం ఒక ఇనప పెట్టెతో. భోజనాల వేళకి అంతా అయిపోయింది, అందరం అన్నాలు తిన్నాం కూడా.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లు సాధారణంగా పింఛను పుచ్చుకునే వయసులో ఉంటారు. నేను ఆ లైను నుంచి రిటైరయ్యేటప్పటికి నాకు ముప్ఫై దాటి ఎన్నాళ్లో కాలేదు. శాలువా ఎవరూ కప్పలేదు. ఇప్పుడు అమలాపురంలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్ముకుంటున్నాను. ఊళ్లో కరెంటు పోతేనే నా ఇంట్లో దీపం వెలుగుతుంది. కంప్యూటరు చదువులు చదివి కొత్త చిప్పుల మీద సాఫ్ట్‌వేరు రాయబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అప్పుడప్పుడు షాపుకొచ్చి, "అన్నా, మీరు అప్పట్లో ఏదో కొత్త మెమరీ మీద పనిచేశారటగా" అంటారు. బ్యాటరీ రేటు తగ్గించమనడానికి అది పీఠిక అని నాకు తెలుసు. అయినా చెబుతాను. రేటు తగ్గించడం కంటే కథ చెప్పడం చవక.

నేను పనిచేసింది హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో. అద్దెకి తీసుకున్న ఇల్లే ఆఫీసు. హాల్లో కంప్యూటర్లు, వంటింట్లో సోల్డరింగు, పడగ్గదిలో డైరెక్టరుగారు. మేము తయారుచేసేది రొయ్యల చెరువుల్లో పెట్టే ఒక పెట్టె. చెరువు నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే రొయ్య బతకదు. అందుకని మోటార్లతో తిరిగే తెడ్ల చక్రాలు చెరువులో వేస్తారు. అవి నీళ్లని చిలికి గాలి కలుపుతాయి. ఏరియేటర్లంటారు. ఎప్పుడు ఏ చక్రం తిరగాలో, ఏది ఆగాలో మా పెట్టె చూసుకుంటుంది. ఒకే మోటారు అస్తమానం తిరిగితే కాలిపోతుంది కాబట్టి వంతులు వేసి తిప్పుతుంది. ఇంతే దాని బతుకు. నాదీ ఇంచుమించు అంతే.

చిక్కల్లా ఏమిటంటే, ఆ పెట్టెలో ఉన్న పాతరకం మెమరీ కరెంటు పోగానే సమస్తం మరిచిపోయేది. కరెంటు రాగానే అప్పుడే పుట్టినట్టు మొదటి మోటారు నుంచి అందుకునేది. కోనసీమలో కరెంటు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లూ మొదటి మోటారు వంతే. పంట చివరికి మొదటి మోటారు కాలి బొగ్గయ్యేది, చివరి మోటారు పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ ఉండేది.

అలాంటి రోజుల్లో మా డైరెక్టరుగారు విదేశాల నుంచి కొత్తరకం మెమరీ చిప్పులు శాంపిలుకి తెప్పించారు. కరెంటు లేకపోయినా వాటిలో రాసింది రాసినట్టే ఉంటుంది. రాయడం కూడా రెప్పపాటులో అయిపోతుంది. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని బారసాలలో బిడ్డని చూపించినట్టు అందరికీ చూపించారు.

"ఇక మన మెషీను ఏదీ మరిచిపోదయ్యా!" అన్నారు.

"జీతాల తేదీ కూడానా సార్?" అన్నాను.

నన్ను కోనసీమ పంపాలన్న నిర్ణయం ఆ క్షణంలోనే జరిగిందని నా అనుమానం.

ఆ చిప్పు మీద అట్టడుగు సాఫ్ట్‌వేరంతా రాసింది మా సీనియర్ మేడమ్. మెమరీలో ఏది ఎక్కడ రాయాలి, కరెంటు పోయి వస్తే ఎక్కడినుంచి అందుకోవాలి, సగంలో ఆగిన పనిని ఎలా సరిచెయ్యాలి, అదీ ఆవిడ పని. ఇంట్లో ఏడాది నిండని పాప. ఆవిడ కళ్లెప్పుడూ ఎర్రగానే ఉండేవి. "పాపా, పాత మెషీనూ ఒకటే. మధ్యలో కదిలిస్తే ఎక్కడ ఆపారో గుర్తుండదు, మళ్లీ మొదటినుంచి ఏడుపు" అనేవారు. కొత్త పెట్టెని ఆఫీసులో ఇద్దరం కలిసి పరీక్షించాం. ప్లగ్గు పీకేవాణ్ణి, పెట్టేవాణ్ణి. పీకేవాణ్ణి, పెట్టేవాణ్ణి. ఎన్నిసార్లు చేసినా పెట్టె ఆగినచోటినుంచే అందుకునేది. చేతులు నొప్పెట్టాక పాసయిందని రాసుకున్నాం.

ట్రయలు ఎక్కడ పెట్టాలన్నది తరవాతి ప్రశ్న. ఉప్పలగుప్తం పక్కన సముద్రపు గాలి తగిలేంత దూరంలో, హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మేష్టారు ఇంకా ఉద్యోగంలో ఉంటూనే ఒక చెరువు కౌలుకి తీసుకుని రొయ్యలేస్తున్నారు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాయి. ఇది మూడో పంట. ఇదీ పోతే చెరువు రైతుకి అప్పగించేసి మళ్లీ గట్టెక్కనని భార్యకి మాటిచ్చారు. ఆవిడా టీచరే. మాట ఇచ్చేటప్పుడు బైబిలు మీద చెయ్యి వేయించారు కాబట్టి దానికి విలువుంది. మేష్టారికి ఆ చెరువంటే ఎంత ఇష్టమో మాకందరికీ తెలుసు. ముప్ఫయ్యేళ్లు మాలాంటివాళ్లకి లెక్కలు చెప్పిన మనిషికి, చెప్పినమాట వినే ప్రాణులు మొదటిసారి దొరికాయి.

"మీ మెషీను ఊరికేనే కదరా?" అని అడిగారాయన.

"ట్రయలండి మేష్టారూ. మీరేం ఇవ్వక్కర్లేదు."

"నేను ఇవ్వక్కర్లేదు, సరే. అది నా దగ్గర్నుంచి ఏం పట్టుకుపోదు కదా?"

లెక్కల మేష్టారు. తీసివేతలు ముందు చూస్తారు. చివరికి, "నీమీద నమ్మకంతో ఒప్పుకుంటున్నాన్రా" అన్నారు. పదో తరగతిలో నా పేపర్లు దిద్దిన మనిషి ఆ మాట అన్నారంటే అది నమ్మకం కాదు, క్షమ.

పెట్టె బిగించిన రోజు టీచరుగారు వచ్చి చూశారు. అంతకుముందు మోటార్లకి విడివిడిగా ఉన్న స్విచ్చిలు గోడమీద కనపడలేదు.

"స్విచ్చిలు తీసేసేరేంటండీ?" అన్నారు.

"మనిషి చెయ్యి పడితే మెషీను లెక్క తప్పుతుందని మా డైరెక్టరుగారి ఆర్డరండి" అన్నాను.

"మెషీను చెయ్యి పడితే మా లెక్క తప్పదాండీ?"

నేను స్క్రూలు బిగించుకుంటూ వినపడనట్టు ఊరుకున్నాను. ఉద్యోగ జీవితంలో నేను నేర్చుకున్న మొదటి విద్య అదే.

కొన్ని వారాలు పెట్టె బుద్ధిగా పనిచేసింది. మోటార్లన్నీ సమానంగా తిరుగుతున్నాయి. డైరెక్టరుగారు పడగ్గదిలో కూర్చుని ఆంధ్రదేశంలో ఎన్ని చెరువులున్నాయో లెక్కలు వేసుకుంటున్నారు. అప్పుడు మేష్టారు ఫోను చేశారు.

"ఒరే, పచ్చ దీపం వెలుగుతోంది. చక్రాలు మాత్రం తిరగట్లేదురా."

"ఆపి వెయ్యండి మేష్టారూ."

"ఆపేను, వేసేను. మళ్లీ ఆపేను, మళ్లీ వేసేను. కాసేపు ఆపి ఉంచి వేసేను. మీ టీచరుగారు ప్రార్థన చేసి వేసేరు. ఊహూ."

ఆ రోజు గాలి బాగా వీచింది కాబట్టి రొయ్యలు బతికాయి. నేను బస్సెక్కి వెళ్లి, ల్యాప్‌టాప్ తగిలించి, ఆ మెమరీ మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను. పెట్టె ఏమీ ఎరగనట్టు పని అందుకుంది. ఏమైందో మాత్రం తెలియలేదు. తుడిచేశాం కదా, ఇంకేం తెలుస్తుంది? తిరిగొచ్చి చొక్కా ఉతుక్కునేలోపు మళ్లీ ఫోను. మళ్లీ బస్సు, అదే కిటికీ పక్క అదే విరిగిన సీటు, రావులపాలెంలో అదే చల్లారిన టీ. మళ్లీ తుడిచాను. మళ్లీ బాగుపడింది. కండక్టరు నన్ను చూసి, "చుట్టాల్లో ఎవరికైనా బాగోలేదా అండీ?" అన్నాడు. ఆయ్ అన్నాను. అది అబద్ధమని కూడా అనలేం.

రెండోసారి వచ్చాక మేడమ్ తల పట్టుకున్నారు. "ఈసారి ఆగిపోతే తుడవకు. బోర్డు ఉన్నదున్నట్టు విప్పి పట్టుకురా. తుడిచిన ప్రతిసారీ సాక్షిని మనమే చంపేస్తున్నాం" అన్నారు. సరేనన్నాను. సరేననడం నా రెండో విద్య.

ఇంతలో డైరెక్టరుగారు మేత అమ్మే ఒక పెద్ద సంస్థ తాలూకు ఇద్దరు పెద్దమనుషులని మెషీను చూపించడానికి పిలిచేశారు. వాళ్లకి నచ్చితే వాళ్ల మేత కొనే ప్రతి చెరువుకీ మా పెట్టె. ప్రదర్శన మేష్టారి చెరువు దగ్గరే. "రెండుసార్లు ఆగిపోయింది కదా సార్, కారణం తేలేదాకా ఆగుదాం" అన్నారు మేడమ్. "ఆగిపోయింది అనకండి, అశుభం" అన్నారు డైరెక్టరుగారు.

ఆ రోజు ముసురు. రెండు రోజులుగా ఎండ లేదు, ఆ పొద్దుట గాలి కూడా చచ్చిపోయింది. కొబ్బరాకు కదలడం లేదు. చెరువు మూతపెట్టిన గిన్నెలా ఉంది. అలాంటి రోజున పట్టపగలే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. మేష్టారు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. పంట చేతికొచ్చే వేళ. ఇంకొన్ని వారాలు గడిస్తే పట్టుబడి. రొయ్య ఎంత పెరిగితే అంత గాలి కావాలి. ఇవాళ చక్రాలు ఆగకూడదు, అంతే.

కారు దిగిన డైరెక్టరుగారు ముందుగా పెట్టెకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. టీచరుగారు మర్యాదగా పక్కకి జరిగి, ఆయన అయ్యాక తలమీద కొంగు కప్పుకుని పెట్టె ముందు చిన్న ప్రార్థన చేశారు. రెండు వైపుల నుంచీ సిఫార్సు ఉన్న మెషీను అది.

ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. డైరెక్టరుగారు స్వయంగా మెయిను స్విచ్చి లాగేశారు. చక్రాలు ఆగాయి. కాస్త ఆగి మళ్లీ వేశారు. మూడో చక్రం దగ్గర ఆగిన వంతు మూడో చక్రం దగ్గరే మొదలైంది.

"చూశారా? కరెంటు పోయింది, జ్ఞాపకం పోలేదు!" అన్నారు చేతులు చాచి.

పెద్దమనుషుల్లో ఒకాయన తలూపారు. రెండో ఆయన దోమని కొట్టుకున్నారు. అందర్నీ గట్టు మీద పాకలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. టీచరుగారు బొండాలు కొట్టించి తెచ్చారు. అప్పుడు అసలు కరెంటు పోయింది.

"ఇదీ మంచిదే. సహజ పరిస్థితుల్లో చూద్దురుగాని" అన్నారు డైరెక్టరుగారు. సహజ పరిస్థితులు అరగంట పైన నడిచాయి. మేష్టారు బొండాం ముట్టుకోలేదు. ఆయన చూపంతా నీళ్ల మీదే.

కరెంటు వచ్చింది. పాకలో ఫ్యాను తిరిగింది. వెంటనే చుట్టూ చెరువుల్లో మోటార్లన్నీ ఒక్కసారి గుయ్‌మన్నాయి. ఫ్యాను నీరసించి ఆగిపోయింది. మళ్లీ తిరిగింది. మళ్లీ గుయ్‌మన్నాయి. మళ్లీ ఆగింది. ఇంకోసారి ఎక్కిళ్లు పెట్టి, చివరికి నిలబడింది.

"ఏమిటిది?" అన్నారు మొదటి పెద్దమనిషి ఫ్యానుకేసి చూస్తూ.

"కరెంటొచ్చిందండి" అన్నారు మేష్టారు.

"అలా వస్తుందా?"

"ఆయ్. ఇక్కడందరికీ ఆటో స్టార్టర్లేనండి. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. అందరియీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు మొయ్యలేక కూలబడుద్దండి. కాస్త తేరుకుని మళ్లీ లేస్తుంది."

"కొంచెం ఆగి లేచేలా స్టార్టర్లో ఒక మీట ఉంటుంది కదా?"

"ఉంటుందండి. అందరం సున్నా మీద పెట్టేసుకున్నాం. పక్కోళ్ల మోటారు ముందు లేస్తే మనకి కరెంటు మిగలదని. వాళ్లూ అలాగే అనుకున్నారండి."

నేను ఆ మాటలు వింటూ చెరువుకేసి చూశాను. అన్ని చెరువుల్లోనూ చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. మా చెరువులో తప్ప. పెట్టె మీద పచ్చ దీపం హాయిగా వెలుగుతోంది.

ఆఫీసులో మేము ప్లగ్గు ఒకసారి పీకి ఒకసారి పెట్టేవాళ్లం. ఇక్కడ కరెంటు పోవడం ఒకసారి, రావడం మూడుసార్లు. నేను ఈ గాలి పీల్చి పెరిగినవాణ్ణే. కానీ మాకు కరెంటు రావడమంటే అలా రావడమే. జలుబు చేసినప్పుడు తుమ్ములు లెక్కపెట్టనట్టే, దాన్నీ ఎవరూ లెక్కపెట్టలేదు.

డైరెక్టరుగారు నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, "ఆపి వెయ్యి" అన్నారు. ఆపి వేశాను. దీపం. అంతే.

"ఏమైనా ఇబ్బందా?" అన్నారు పెద్దమనిషి.

"లేదు లేదు. మెషీను నీటి పరిస్థితిని అంచనా వేస్తోంది."

"ఎంతసేపు వేస్తుంది?"

"దాని తెలివి దానిది."

కాసేపటికి మేష్టారు నా భుజం పట్టుకున్నారు. ఆ ఇద్దరి ముందూ అప్పటిదాకా నన్ను ఇంజనీరుగారూ అంటూ వచ్చిన మనిషి.

"ఒరే, గట్టుకొచ్చేస్తున్నాయిరా."

చూశాను. గట్టు వెంబడి నీటి అంచున మీసాలు. గాలి కోసం రొయ్యలు పైకొచ్చి ఒడ్డుకి కొట్టుకుంటున్నాయి. ఒక కొంగ అప్పుడే వచ్చి వాలింది. ఆ ఊళ్లో మా ప్రదర్శనకి నిజంగా సంతోషించిన అతిథి అదొక్కటే.

నేను సంచిలో ల్యాప్‌టాప్ కోసం చెయ్యి పెట్టాను. "అది తియ్యకు! చెడిపోయిందని మనమే రాసిచ్చినట్టు ఉంటుంది. పది నిమిషాలు చూద్దాం" అన్నారు డైరెక్టరుగారు. నిజానికి చెయ్యి పెట్టాక నాకూ తియ్యబుద్ధి కాలేదు. అది తెరుచుకుని, తగులుకుని, మెమరీ తుడిచేసరికి ఎలాగూ ఆలస్యం. తుడిస్తే మేడమ్ అడిగిన సాక్షి మూడోసారీ పోతుంది. తుడవకపోతే రొయ్యలు పోతాయి. పెట్టె తలుపు తెరిస్తే ఆర్డరు పోతుంది. ముగ్గురికి మూడు రకాలుగా మాటిచ్చినవాడి పరిస్థితి ఇలాగే ఉంటుంది. గొప్ప మథనం జరిగిందని చెబితే బాగుంటుంది గానీ, నిజానికి నాకప్పుడు అలుపు తప్ప ఇంకేం లేదు. ఆ బస్సు మళ్లీ ఎక్కాలన్న తలపే భరించలేకపోయాను.

"టీచరుగారూ, బాగా ఎండిన చెక్క ముక్కలు ఏమైనా ఉన్నాయాండీ?" అన్నాను.

ఆవిడ కారణం అడగలేదు. పాక వెనక పొయ్యి దగ్గర్నుంచి ఎండిన కొబ్బరిమట్ట ముక్కలు ఒడినిండా తెచ్చారు. నేను మెయిను ఆపి పెట్టె తలుపు తెరిచాను. లోపల మోటారుకొకటి చొప్పున లావుపాటి స్విచ్చిలుంటాయి. మా మెమరీ, మా సాఫ్ట్‌వేరు, మా డైరెక్టరుగారి కలలు, అన్నీ కలిసి చివరికి చేసేది ఆ స్విచ్చిల్ని లోపలికి నొక్కడమే. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మట్టముక్క బిగించి కొట్టాను.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు డైరెక్టరుగారు, పళ్ల మధ్య నుంచి.

"నొక్కుతున్నాను సార్."

మెయిను వేశాను. చక్రాలన్నీ ఒక్కసారి లేచాయి. ఫ్యాను సగం చచ్చి, ఎందుకో మనసు మార్చుకుని బతికింది. నీళ్లు తెల్లగా చిమ్మాయి. మేష్టారు చక్రాలకేసి చూస్తూ అలాగే గట్టుమీద కూలబడ్డారు. కొంగ నొచ్చుకుని లేచిపోయింది.

రెండో పెద్దమనిషి, అప్పటిదాకా దోమలు తప్ప దేన్నీ పట్టించుకోని ఆయన, పెట్టె దగ్గరికొచ్చి తొంగిచూశారు.

"ఇదేమిటండీ?"

"ఎమర్జెన్సీ ఏర్పాటు" అన్నారు డైరెక్టరుగారు.

"ఇదీ విదేశాల నుంచే తెప్పించారా?"

ఆ తరవాత అందరం భోజనాలు చేశాం. చాలా మర్యాదగా. వేపుడు బాగుందని పెద్దమనుషులు రెండుసార్లు చెప్పారు. మెషీను ఊసు ఎత్తలేదు. కారెక్కేముందు డైరెక్టరుగారు నాకేసి చూసి ఏదో అనబోయి, "బస్సుకి డబ్బులున్నాయా?" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. కల పాడైనవాడు, అంతే.

సాయంత్రానికి గాలి లేచింది. ఒక మూల కొన్ని రొయ్యలు చచ్చి తేలాయి. మిగతావి కిందకి దిగిపోయాయి. మేష్టారు వల విసిరి చూసి, చేతిలో ఎగిరే రొయ్యని నాకు చూపించారు. టీచరుగారు అన్నారు:

"మీ మెషీను పుణ్యమా అని మాకు వంటచెరుకు ఎంత విలువైందో తెలిసిందండీ."

నేను బోర్డు విప్పి, గుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని హైదరాబాదు తీసుకెళ్లాను. దారిపొడుగునా కుదుపులే. అయినా ఆ చిప్పు దేన్నీ మరిచిపోలేదు. ఆ మెమరీ వల్ల మాకు నికరంగా కలిగిన లాభం ఏదైనా ఉంటే, ఆ ఒక్క ప్రయాణమే.

మేడమ్ దాన్ని తెరమీదికి తెచ్చి చాలాసేపు చూశారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కాస్త ఓపిక పట్టండి, సాంకేతికం ఇక్కడ ఒక్కచోటే. పెట్టె ఒక మోటారు నుంచి ఇంకోదానికి మారే ముందు "మార్పు జరుగుతోంది" అని మెమరీలో గుర్తు పెట్టుకుంటుంది. అయిపోయాక చెరిపేస్తుంది. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఆ గుర్తు చూసి, పని సగంలో ఆగిందని తెలుసుకుని సరిచేస్తుంది. సరిచేసేటప్పుడు వేరెవరూ కదపకుండా "మరమ్మతు జరుగుతోంది, ఆగండి" అని ఇంకో గుర్తు పెడుతుంది. సరిగ్గా ఆ మరమ్మతు మధ్యలో మా ఊరి కరెంటు రెండోసారి పోయింది. మళ్లీ లేచిన పెట్టె మొదట చూసింది ఆ రెండో గుర్తుని. ఓహో, ఎవరో మరమ్మతు చేస్తున్నారు, అయ్యేదాకా ఆగుదాం అనుకుంది. పచ్చ దీపం వెలిగించుకుని, ఎంతో సభ్యతగా కూర్చుంది.

"ఎవరికోసం ఆగింది?" అన్నాను.

"తన కోసమే" అన్నారు మేడమ్. కళ్లు నలుపుకున్నారు. "పాత మెమరీ అయితే ఆ గుర్తు కరెంటుతోపాటే పోయేది. ఆపి వేస్తే సరిపోయేది."

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఏ కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా మేమిచ్చిన ఏకైక మందు ఆపి వెయ్యడం. ఆ మందు ఎందుకు పనిచేసేదంటే, ఆపగానే అది తన తప్పులన్నీ మరిచిపోయేది కాబట్టి. మరిచిపోని యంత్రం కావాలని ముచ్చటపడ్డాం. అది తన తప్పుని కూడా అంతే భద్రంగా దాచుకుంటుందని ఎవరం అనుకోలేదు. మనుషుల్లో అలాంటివాళ్లని చూసి ఉంటే ముందే తెలిసేది. చూశాం కూడా. కానీ ఆఫీసులో చుట్టాల గురించి ఎవరు ఆలోచిస్తారు?

మేడమ్ ఆ భాగమంతా తిరగరాశారు. మరమ్మతు ఎన్నిసార్లు సగంలో తెగినా మళ్లీ మొదటినుంచి చేసినా నష్టం లేకుండా, కరెంటు రాగానే మీద పడకుండా కొన్ని నిమిషాలు ఊరికే కూర్చునేలా. ఆ ఊరికే కూర్చోవడం నేను చెప్పిన సలహా. నా ఉద్యోగంలో ఆఖరివరకూ నిలిచిన కోడు అదే. కరెంటు వస్తూనే మళ్లీ పోయిన ప్రతిసారీ లెక్కపెట్టే చిన్న అంకె కూడా ఒకటి పెట్టారు, మా కొత్త కోడు ఎన్ని గండాలు దాటిందో తెలియడానికి. పాపని వాళ్లమ్మగారి దగ్గర వదిలి, చాలా రోజులు పట్టి రాశారు. అంత అందమైన సాఫ్ట్‌వేరు నేను తరవాత చూడలేదు.

అన్నాళ్లూ మేష్టారు స్కూలుకి సెలవు పెట్టి మట్టముక్కలతోనే నెట్టుకొచ్చారు. నేను వెళ్లి కొత్తది ఎక్కించాను. టీచరుగారు పక్కన నిలబడి పాత స్విచ్చిలు మళ్లీ గోడకి పెట్టించారు. డైరెక్టరుగారిని అడగలేదు, నేను చెప్పలేదు. పెట్టె పనిచేసింది. పంట చేతికొచ్చింది. చెరువు మేష్టారి దగ్గరే ఉంది. పంట పోతేనే కదా అప్పగిస్తానన్నది, పోలేదు కదా అని ఆయన వాదన. బైబిలు మీద చెయ్యి వేయించేటప్పుడు షరతు సరిగ్గా రాయించుకోలేదని టీచరుగారు ఇప్పటికీ తనని తానే తిట్టుకుంటారు.

పెద్దమనుషుల నుంచి కబురు రాలేదు. మరుసటేడు కంపెనీ పెట్టెలు మానేసి ఇంకేదో మొదలుపెట్టింది. మానేసే ముందు ఆఖరి ప్రయాణంగా నేను మేష్టారి చెరువుకి వెళ్లి, ల్యాప్‌టాప్ తగిలించి, మేడమ్ పెట్టిన ఆ అంకె చదివాను. ఏడాదిలో ఎన్ని గండాలో విందామని ఆవిడ ఫోను దగ్గరే కూర్చున్నారు. సున్నా. నమ్మకం కలక్క రెండుసార్లు చదివాను. సున్నాయే. మేష్టార్ని అడిగాను.

మేము కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి ముందు రోజు లైన్‌మన్లు వచ్చి, పాత ట్రాన్స్‌ఫార్మరు దింపేసి పెద్దది పెట్టి వెళ్లారట.